వాడితోనా? వాణ్ణా?

ఈ సంక్రాంతికి కొత్తపేట దగ్గర మా ఊళ్లో బస్సు దిగి ఇంటికి నడిచేసరికి మా పెదనాన్న అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. తల ఎత్తకుండానే, "రండి రండి. తమరు ఇలా వచ్చేస్తే అక్కడ హైదరాబాదు ఎలా నడుస్తుందండీ? ఎవరికైనా అప్పజెప్పి వచ్చేరా?" అన్నాడు.

"తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చొచ్చానండీ" అన్నాను, బ్యాగు కింద పెడుతూ.

పేపరు వెనక చిన్న నవ్వు. ఇంటర్ చదువుతున్న మా అన్నయ్య కూతురు ఫోన్లోంచి తల పైకెత్తి, "బాబాయ్, తాతయ్య నిన్ను ట్రోల్ చేసేశాడు" అంది.

"అది ట్రోల్ కాదే" అన్నాను.

"మరేంటి?"

నా దగ్గర జవాబు లేదు. అది కాదని తెలుసు, ఏమిటో చెప్పలేకపోయాను. సాయంత్రం అరిసెల పళ్లెం చుట్టూ చేరినప్పుడు పిల్ల అదే ప్రశ్న అందర్నీ అడిగింది. పెద్దమ్మ "ఎటకారం" అంది. అమ్మ "వేళాకోళమే, ఇంకేముంది" అంది. అన్నయ్య "సెటైర్" అన్నాడు. వదిన మాత్రం అరిసె విరుస్తూ, "మీ ఇంట్లో ఎత్తిపొడుపులకేం తక్కువలెండి" అంది. అందరం నవ్వాం. నవ్వాక కొంచెం సేపు ఎవరం మాట్లాడలేదు. వదిన వాడిన మాట మిగతావాటికి పర్యాయపదం కాదు. అందులో పద్దెనిమిదేళ్ల కాపరం ఉంది.

ఆ రాత్రి నుంచీ ఈ మాటలు నన్ను వదల్లేదు.

*

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. పడవ కదులుతుండగా వెనకాల ఎర కట్టిన తాడు వదిలి చేపల్ని పట్టే పద్ధతిని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. స్కాండినేవియా జానపద కథల్లో కొండల్లోనూ గుహల్లోనూ ఉండే వికారపు రాక్షసుడి పేరు కూడా ట్రోలే. 1990ల మొదట్లో యూజ్‌నెట్ చర్చావేదికల్లో, కొత్తగా వచ్చిన అమాయకుల కోసం కావాలని ఒక పిచ్చి ప్రశ్న వదిలి వాళ్లు ఎగబడి జవాబు చెప్తుంటే వినోదం చూసేవాళ్లు. దానికి ఈ మాట వాడారు. మన భాషలో చెప్పాలంటే గాలం వెయ్యడం. చేసేవాణ్ణి ట్రోల్ అనడం మొదలయ్యాక రాక్షసుడు కూడా వచ్చి చేరాడు. అంటే ఇంగ్లీషులో ఈ మాటకి ప్రాణం ఎదుటివాడి ఉడుకుమోతుతనం. వాడు ఉడుక్కోకపోతే గాలం ఖాళీ.

మనం ఆ మాటని తెచ్చుకుని లోపలి సరుకు మార్చేశాం. కొత్త సినిమా ట్రైలర్‌ని ట్రోల్ చేశారు అంటాం. ఒక నాయకుడి ఇంగ్లీషుని, ఒక హీరోయిన్ లావుని ట్రోల్ చేశారు అంటాం. ట్రైలర్ ఉడుక్కోదు కదా. ఇక్కడ ట్రోల్ అంటే పదిమంది కలిసి నవ్వడం. అంతటితో ఆగకుండా ఇంట్లో తాతయ్య మనవడితో ఆడిన మాట కూడా ట్రోలే, అర్ధరాత్రి ముక్కూమొహం తెలీని అమ్మాయి ఫోటో కింద రాసే బూతు కూడా ట్రోలే. ఒకే మాటలో అరుగూ పట్టింది, మురిక్కాలవా పట్టింది. నాకు ఇబ్బంది ఇక్కడే. బయటి నుంచి వచ్చిందని ఇంగ్లీషు మాట మీద కోపం లేదు. ఆ మాట వచ్చాక, మనం ఏం చేస్తున్నామో మనకే చెప్పే మాటలు పక్కకి వెళ్లిపోతున్నాయి.

మా వైపు ఆ మాటలు ఎన్నో ఉన్నాయి. ఏదీ ఇంకోదాని బదులు పనికిరాదు.

ఆటపట్టించడం పిల్లలతో. ఏడుపు మొదలవగానే ఎత్తుకోవాలి, అది అందులో భాగం. ఉడికించడం కూడా దగ్గరిదే కానీ ఇందులో కొలత ఎదుటివాడి వేడి. ఇంగ్లీషు వాళ్ల అసలు ట్రోల్‌కి మన దగ్గర అన్నిటికన్నా దగ్గరి మాట ఇదే అనుకుంటాను. పరాచికానికీ వేళాకోళానికీ వరస ఉండాలి: బావామరదళ్లు, తాతామనవళ్లు, వియ్యపురాళ్లు. వరస కానివాళ్లతో ఆడితే "మనకీ వాళ్లకీ వేళాకోళాలేంటి?" అని ఇంట్లోవాళ్లే ఆపుతారు. ఎకసెక్కం అంటే వేళకాని వేళ వేసిన జోకు. ఎదుటివాడు ప్రాణం మీదకొచ్చిన సంగతి చెప్తుంటే మనం దాన్ని తేలిగ్గా తీసిపారేస్తే, "ఎకసెక్కాలాడకు" అంటాడు. వెక్కిరించడానికి మొహం కావాలి, గొంతు కావాలి. నడకనో నత్తినో అనుకరించడం అది. ఎత్తిపొడుపుకి జ్ఞాపకం కావాలి. ఎప్పటిదో ఒక తప్పో, చేసిన సాయమో, పెట్టని సారెో పుస్తకంలో రాసిపెట్టుకుని అదను చూసి వడ్డీతో సహా వసూలు చెయ్యడం. వదిన ఆ మాట ఎందుకు ఎంచుకుందో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక వెటకారం. దీని పైపొర అంతా మర్యాద. మా పెదనాన్న నన్ను మామూలుగా "ఏరా" అంటాడు. ఆ రోజు "రండి", "తమరు", "వచ్చేరా" అన్నాడంటే సైరన్ మోగినట్టే. గోదావరి జిల్లాల్లో మాట చివర "అండి" ఎంత పెరిగితే అంత జాగ్రత్తగా ఉండాలి. వెటకారానికి ఇంకో షరతు కూడా ఉంది. వినేవాడికి తెలివుండాలి. వాడికి అర్థం కాకపోతే అది ఉత్త పొగడ్తగా మిగిలిపోతుంది. అందుకే వెటకారంలో ఎంత పొడిచినా ఎదుటివాడి బుర్ర మీద ఒక గౌరవం ఉంటుంది.

ఎగతాళి, గేలి, హేళన వేరు. వీటికి కనీసం ముగ్గురు కావాలి. నవ్వేవాడు, వాడితో కలిసి నవ్వేవాడు, మధ్యలో నిలబడ్డవాడు. మధ్యలోవాడికి తెలివుందా లేదా అన్నది అనవసరం. అసలు వాడు వినక్కర్లేదు.

*

ఇలా రాసుకుంటూ పోతుంటే నాకు ఒక చిన్న సంగతి తట్టింది. వ్యాకరణం ఈ గొడవని ఎప్పుడో తేల్చేసింది.

వాడితో వేళాకోళం ఆడాను. వాడితో పరాచికాలు ఆడాను. కానీ వాణ్ణి ఎగతాళి చేశాను. వాణ్ణి గేలి చేశాను. మొదటి వాటిలో "తో", "ఆడటం". ఆటకి ఇద్దరు కావాలి, రెండోవాడికీ వంతు వస్తుంది. రెండో వాటిలో "ని", "చెయ్యడం". రెండోవాడికి వంతు లేదు. వాడు పని జరిగే చోటు మాత్రమే. "వాణ్ణి వేళాకోళం చేశారు" అని కూడా అంటాం, నిజమే. అన్నప్పుడు మాత్రం అది వేళాకోళం హద్దు దాటిందనే మన చెవికి వినిపిస్తుంది. విభక్తి మారగానే అర్థం చెడిపోయింది.

మూడోది "మీద". వాడి మీద జోకులు వేశారు, మంత్రిగారి మీద సెటైర్లు వేశారు. ఇందులో ఎత్తు ఉంది. ఎవరు పైన ఉన్నారు, ఎవరు కింద నుంచి విసురుతున్నారు అని అడగాలి.

ట్రోల్‌కి మనం ఏ విభక్తి ఇచ్చాం? "ని" ఇచ్చాం. క్రియ "చెయ్యడం". ఎవరూ ఎవరితోనూ ట్రోల్ ఆడరు. నాలుగు ముక్కల్లో చెప్పాలంటే నా ఫిర్యాదు అదే.

ఈ తో, ని, మీదలు చేతిలో పట్టుకుని మా వైపు పుస్తకాలు కొన్ని మళ్లీ తిరగేశాను. అన్నీ ఒకే అట్టపెట్టెలో, "గోదావరి హాస్యం" అని రాసిపెట్టుకున్నవే. పెట్టె మీది ఆ పేరు ఇక పనికిరాదు.

మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశాన్ని తీసుకోండి. మొగల్తూరు నుంచి బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడు దారిలో చెయ్యని పొరపాటు లేదు. తెలియక ఆడవాళ్లు పెట్టుకునే టోపీ కొనుక్కుంటాడు. కానీ ఈ కథంతా చెప్తున్నది ఎవరు? పార్వతీశమే. నవ్వు పుట్టించే మాట నవ్వులపాలైనవాడి నోట్లో ఉంది. రచయిత ఆ మాట వాడి చేతికివ్వకుండా పైనుంచి "ఒక పల్లెటూరి బైతు టోపీ కొన్నాడు" అని చెప్పి ఉంటే అవే సంఘటనలు ఎగతాళి అయ్యేవి. నేను మొదటిసారి విమానం ఎక్కినప్పుడు సీటు బెల్టు పెట్టుకోవడం రాక పక్కాయన్ని చూసి చేశాను. అప్పుడు నాకు తోడున్నది పార్వతీశమే. అతను నాతో నవ్వాడు.

ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ ఋణానందలహరిలో అప్పారావుది కూడా ఇదే వరస. అప్పు అడిగేవాడి ముందు ఇచ్చేవాడు నవ్వుకోవడం లోకం తీరు. ఇక్కడ అడిగేవాడు ఎంత హుందాగా అడుగుతాడంటే ఇచ్చేవాడే ఇరుకున పడతాడు. లేమిని అనుభవించినవాడు లేమి గురించి రాసిన హాస్యం అది. తన కోతి కొమ్మచ్చి చదివితే ఆ నవ్వు ఏ ఆకలి గడిపి వచ్చిందో తెలుస్తుంది.

వెటకారానికి మాత్రం నేను ఎప్పుడూ శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి వడ్లగింజలు చూపిస్తాను. చదరంగం ఆటలో మేటి అయిన బీద బ్రాహ్మణ యువకుడు పెద్దాపురం ప్రభువు దగ్గర కోరేది ఏమిటి? వడ్లగింజలు. చదరంగం గళ్ల లెక్కన, గడిగడికీ రెట్టిస్తూ. వినడానికి ఎంత వినయం! మాన్యాలూ మడులూ కాదు, గింజలు. ఒకటితో మొదలుపెట్టి 64 గళ్లూ కూడితే 20 అంకెల సంఖ్య వస్తుంది. ఏ ప్రభువు గాదెలూ చాలవు. ఒక్క పొల్లు మాట అనకుండా, తల వంచుకుని, సంస్థానం మొత్తాన్ని ఒక లెక్కతో నిలబెట్టేశాడు. పైపొర మర్యాద, లోపల పదును. మా పెదనాన్న "తమరు"కి ముత్తాత ఆ కోరిక.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులుది "మీద". 1874లో వివేకవర్ధని పెట్టి, దానికి హాస్య సంజీవని జోడించి, ప్రహసనాలు రాసి, కాటికి కాళ్లు చాపుకున్న పెద్దమనుషులు పసిపిల్లల్ని కట్టుకోవడం మీద, వకీళ్ల మీద, లంచాల మీద వేశాడు. కిందనుంచి పైకి వేశాడు. వేసినవాడి పేరు అందరికీ తెలుసు, ఊరూ తెలుసు. దాని ధర ఆయన అదే ఊళ్లో ఉండి చెల్లించాడు.

చిలకమర్తి గణపతి దగ్గర నాకు ఇబ్బంది మొదలైంది. రేడియో నాటకంగా విని పొట్ట పట్టుకుని నవ్విన నవల అది. మళ్లీ చదివితే కథకుడు ఎక్కడ నిలబడ్డాడో చూడకుండా ఉండలేకపోయాను. గణపతి పొట్టితనం, పొట్ట, చదువు లేకపోవడం, తిండి యావ. కథకుడు చదువుకున్నవాడు, గణపతి కాదు. చదివే మనమూ చదువుకున్నవాళ్లం. ముగ్గురి లెక్క సరిపోయింది. గణపతి మోసాలు చేస్తాడు, నిజమే, వాటి మీద నవ్వచ్చు. కానీ నవ్వులో ఎంత భాగం మోసానికి, ఎంత భాగం పొట్టకి? చిలకమర్తి అదే రాజమండ్రిలో దళిత పిల్లల కోసం బడి నడిపిన మనిషి. మంచివాళ్ల నవ్వు కూడా "తో" నుంచి "ని"కి జారుతుందని, జారినప్పుడు తెలీదని చెప్పడానికే ఈ మాట అంటున్నాను.

*

ఈ జారుడు ఎంత దూరం పోతుందో చెప్పే ఉదాహరణ చింతామణి నాటకం.

కాళ్ళకూరి నారాయణరావు కాకినాడలో ఉండి నాటకాలు రాసిన సంస్కర్త. వరవిక్రయంలో కట్నాల బేరాన్ని, మధుసేవలో తాగుడుని, చింతామణిలో వేశ్యాలోలత్వాన్ని పట్టుకున్నాడు. చింతామణి ఇంటికొచ్చేవాళ్లలో బిల్వమంగళుడు ఉన్నాడు, భవానీశంకరం ఉన్నాడు, సుబ్బిశెట్టి ఉన్నాడు. కులం ఏదైనా మగవాడి మోహం ఒకటే, దానికయ్యే ఖర్చూ ఒకటే అన్నది అసలు సంగతి. నాటకం నవ్వింది మోహం మీద.

కానీ నాటకం పుస్తకంలో ఉండదు కదా, తిరనాళ్లలో పందిరి కింద ఉంటుంది. ఏళ్ల తరబడి ఊరూరా ఆడుతూ సుబ్బిశెట్టి భాగాన్ని పెంచారు. ఈలలు ఎక్కడ పడితే అక్కడ ఒక మాట చేర్చారు. మనిషి ఆకారం మీద, మాట తీరు మీద, వ్యాపారం మీద, చివరికి కులం మీద. రాసినాయన పెట్టని బూతు కూడా చేరింది. ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనల్ని నిషేధించింది.

అప్పుడు నా స్నేహితులు రెండు వర్గాలయ్యారు. హాస్యాన్ని హాస్యంగా తీసుకోలేరా అని కొందరు. కులాన్ని అవమానిస్తే నిషేధించక ఏం చేస్తారని కొందరు. నేను నిషేధానికి వ్యతిరేకిని. వందేళ్ల నాటకాన్ని, దాని మీద బతికే కళాకారుల్ని ఒక్క ఉత్తర్వుతో ఆపడం సరైన పని అనుకోను. కానీ "హాస్యంగా తీసుకోలేరా" అన్న వాక్యం నాకు అంతకన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఏ హాస్యం? కాళ్ళకూరి రాసిన "మీద"నా, పందిరి కింద తయారైన "ని"నా? ఈ తేడా చెప్పే మాటలు ఉండి కూడా మనం వాడలేదు. విమర్శ చెయ్యాల్సిన పని చెయ్యకపోతే ఆ పని ప్రభుత్వం ఉత్తర్వు వచ్చి చేస్తుంది, మొరటుగా చేస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ మధ్య గోదావరి వెటకారం ఒక బ్రాండు అయిపోయింది. 2024లో "ఆయ్" అన్న పేరుతోనే సినిమా వచ్చింది. రీల్స్ నిండా అరుగులు, కొబ్బరిచెట్లు, పంచె కట్టిన బాబాయిలు. చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ ఆ అరుగు అందరిదీ కాదు. మా ఊళ్లో నా చిన్నప్పటికి కూడా కొందరు ఆ అరుగు ముందు నిలబడే మాట్లాడేవారు. వాళ్లు "అండి" అంటే అది వెటకారం కాదు, బతుకు. వాళ్లకి తిరిగి వచ్చేది "ఒరే". వెటకారానికి వరస కావాలన్నాను, తెలివి కావాలన్నాను. అన్నిటికన్నా ముందు ఎత్తు సమానంగా ఉండాలి. కామందు పాలేరుతో వెటకారమాడితే పాలేరు తిరిగి ఆడలేడు. అప్పుడది "తో" అని ఎంత పలికినా "ని"యే. పాలేరు వెటకారం గట్టు దిగాక, చేలో, తనవాళ్ల మధ్య జరిగేది. అది మన హాస్య సంపుటాల్లోకి ఎక్కువగా రాలేదు.

*

ఇదంతా రాసి ఇక్కడ ఆపేస్తే నేను ఒడ్డున కూర్చుని రాసినట్టవుతుంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది హాస్టల్లో నా పేరు "ఆయ్". ఫోన్లో నాన్నతో "ఆయ్, ఆయ్" అంటుంటే విన్నారు, పెట్టేశారు. నేనూ నవ్వాను. నా యాస నేనే ఇంకొంచెం సాగదీసి చూపించి నలుగురిలో పడ్డాను. అది వేళాకోళమే, నాకూ వంతు వచ్చింది.

రెండో ఏడాది మా గదికి శ్రీకాకుళం నుంచి ఒక జూనియర్ వచ్చాడు. వాడు "ఏటి" అన్న మొదటి రోజే గది గది నవ్వింది. ముందు మొదలుపెట్టింది నేను. వాడి గొంతు బాగా పట్టేశాను. పక్క గదుల వాళ్లు కూడా వచ్చి చేసి చూపించమని అడిగేవాళ్లు. వాడు వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే మేం మాటలాపి వినేవాళ్లం, కొత్త మాట ఏదైనా దొరుకుతుందని. కొన్నాళ్లకి వాడు ఫోన్ వస్తే మేడ మీదకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మాతో ఇంగ్లీషులో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. తప్పుల ఇంగ్లీషే, కానీ అందులో యాస పట్టుకోవడానికి మాకు దొరకలేదు. సెమిస్టరు అయ్యాక గది మార్చుకున్నాడు. "ఫీలయ్యాడ్రా" అనుకున్నాం. అంతే. "సరదాకి" అన్న మాట మా దగ్గర సిద్ధంగా ఉండేది.

వాడు తన భాష తన గదిలో మాట్లాడ్డం మానేశాడని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ కథ ఎవరికైనా చెప్పాల్సి వస్తే నోటికి సులువుగా వచ్చే మాట "కాలేజీలో ఒకణ్ణి బాగా ట్రోల్ చేసేవాళ్లం" అనే. ఆ మాటలో నాకు ఎక్కడా దెబ్బ తగలదు. అందులో తాతయ్య కూడా ఉన్నాడు కదా, అరుగు కూడా ఉంది కదా.

పండగ అయ్యాక తిరిగి వచ్చేరోజు పిల్ల బస్టాండు దాకా వచ్చింది. "ఇంతకీ ఏ మాట తేల్చావు బాబాయ్?" అంది. తాతయ్యది వెటకారమే అన్నాను, నాకూ జవాబు చెప్పే వంతు ఇచ్చాడు కాబట్టి. "మరి ఎగతాళి అంటే ఎవరిది?" అంది. బస్సు వచ్చేసింది.

దానికి అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. మేం వాడితో వేళాకోళం ఆడలేదు. నేను వాణ్ణి ఎగతాళి చేశాను.